ఆవిరి పట్టని తలుపు

"ఓనరుగారు ఒప్పుకున్నారు!"

ఫోను పక్కన పడేసి అతను ఆమెను అమాంతం ఎత్తి గిర్రున తిప్పాడు. "కిటికీలన్నీ మార్చేస్తారట. పెరటివైపు అద్దాల తలుపు కూడా. రేపే మేస్త్రీ వస్తాడు."

"అబ్బ, దింపు! కళ్లు తిరుగుతున్నాయి," అంది ఆమె. మెడ చుట్టూ వేసిన చేతులు మాత్రం తీయలేదు.

కొత్తగా కాపురం పెట్టిన ఆ ఇంట్లో చలి, అద్దె కట్టని మూడో మనిషిలా తిరిగేది. కిటికీ సందుల్లోంచి దూరి, చదువుతున్న పుస్తకం పేజీలు తనే తిప్పేసేది. తాగకముందే టీ చల్లార్చేసేది. హీటరు రోజంతా రొద పెట్టినా వేడంతా బయటికే. "బిల్లు మనం కడుతున్నాం, వెచ్చదనం వీధికి పోతోంది," అని అతను నవ్వేవాడు.

మర్నాడు మేస్త్రీ పాత తలుపును పుచ్చుపన్నులా పెకలించి పారేశాడు. మధ్యాహ్నానికల్లా కొత్తది నిలబడింది. దాన్ని జరిపి మూయగానే వీధి చప్పుడంతా ఎవరో దోసిట్లోకి తీసుకున్నట్టు ఆగిపోయింది. గది గువ్వగూడులా వెచ్చబడింది. ఆమె చెప్పుల్లేకుండా నేలమీద అటూ ఇటూ నడిచింది. కలలో నడుస్తున్నట్టే ఉంది.

"రెండు పొరల అద్దం తల్లీ," అన్నాడు మేస్త్రీ, తలుపును తడుతూ. "ఎంత చలి ఉన్నా లోపల చుక్క ఆవిరి పట్టదు. రోజూ తుడుచుకునే బాధ వదిలింది నీకు."

ఆమె నడక ఆగిపోయింది. "అస్సలు పట్టదా?"

"అస్సలు."

"కొంచెం కూడా? తెల్లవారుజామున?"

"గ్యారంటీ!"

"ఆ గ్యారంటీ నాకొద్దు అన్నా. ఒక్క మూల పట్టేట్టు చేయలేవా?"

మేస్త్రీ చేతిలో పని ఆపేశాడు. "ఆవిరి పడుతోందని నా మీద అరిచినవాళ్లున్నారు. పట్టాలని బతిమాలేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను. ఒంట్లో బాగానే ఉందా?"

ఏమని చెబుతుంది? ఆమె భర్త రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. తెల్లవారకముందే, ఆమె నిద్రలో ఉండగానే, పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోతాడు. ఆమె సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చేసరికి అతనికి కళ్లు మూతలు పడుతుంటాయి. ఇద్దరి మధ్యా ఉన్న కబుర్లన్నీ ఆ తలుపు మీది ఆవిరిలోనే. వెళ్తూ వెళ్తూ వేలితో ఏదో ఒకటి రాసిపోతాడు. 'గురక పెడుతున్నావు. ముద్దుగానే ఉందిలే.' 'దుప్పటంతా లాక్కున్నందుకు కేసు పెడతా.' ఎండెక్కేసరికి అక్షరాలు కారిపోయేవి. ఈలోపే ఆమెకు కంఠతా వచ్చేసేవి.

ఆ సాయంత్రం అతను వెచ్చటి గదిలో కాళ్లు బార్లా చాపి పడుకున్నాడు. "స్వర్గంలా ఉందే!"

"రేపట్నుంచి ఎక్కడ రాస్తావు?"

"ఏంటి?"

"ఇక ఆవిరి పట్టదట."

"ఓస్, అదా! ఫోనులో పంపుతాలే."

"ఫోనులో కరెంటు బిల్లు కూడా వస్తుంది."

"పోనీ, కాగితం మీద?"

"కాగితం మీద రాస్తే ఉత్తరం. అద్దం మీదైతే నువ్వు మాట్లాడినట్టుండేది."

తిరిగి చూస్తే అతను అప్పటికే నిద్రపోయాడు. ఆమె అలిగి మంచం అటు చివరికి జరిగి పడుకుంది.

తెల్లారి లేవగానే కాళ్లు వాటంతటవే పెరటి తలుపు దగ్గరికి వెళ్లాయి. అద్దం మీద అరచెయ్యి పెట్టింది. పొడిగా ఉంది. మేస్త్రీ మాట తప్పేవాడు కాదు. ఇంత వెచ్చటి ఇల్లు, ఇంత మూగగా!

కానీ అద్దం అవతల తెల్లగా ఏముంది? చెయ్యి తీసి చూసింది. ఆవిరి ఉంది! ఇంటి వేడంతా లోపలే ఉండిపోయి, చల్లబడిన అద్దానికి బయటివైపు మంచు పట్టింది. అందులో అక్షరాలు, తిరగబడి, అద్దం నిండా!

ఆమె తలుపు బర్రున జరిపి బయటికి పరుగెత్తింది. గడ్డి మీద మంచు పాదాలకు చురుక్కుమంది. ఆ తలుపు పెరటి వెనక సందువైపే తిరిగి ఉంటుందనీ, సందులో పొద్దున్నే నడిచేవాళ్లు బోలెడుమంది ఉంటారనీ అప్పుడు గుర్తే రాలేదు. ఊపిరి బిగబట్టి చదివింది.

'ఇల్లు వెచ్చబడిందని మంచం ఆ చివరికి పోతావా? ఈ సాయంత్రం జరిమానా ముద్దుల్లో కట్టాలి. బేరాల్లేవు.'

నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో నోరు మూసుకుంది. ముఖం వెచ్చగా అయింది. ఇంకోసారి, నెమ్మదిగా, ఒక్కో అక్షరమే చదువుకుంటూ కిందికి వచ్చింది. అక్కడ, అద్దం అడుగున, అతనిది కాని గుండ్రటి చేతిరాత ఉంది.

'చాలా బాగుంది అమ్మాయీ. రేపు మీ బాబాయిని కూడా వెంటబెట్టుకొస్తా, చదివి నేర్చుకుంటారు. ఇట్లు, పక్కింటి పిన్ని.'