ఎవరి పేరు మీద?

అత్తగారి సబ్బుల వ్యాపారాన్ని చడీచప్పుడు లేకుండా తన పేరు మీదికి మార్చేసుకోవాలని అల్లుడు నిశ్చయించుకున్నాడు.

అతను సెల్‌ఫోన్ల షాపులో సేల్స్‌మన్. మంచి మాటకారి. చిన్నప్పటి నుంచీ అందరూ బుజ్జిబాబు అనే పిలుస్తారు. పెళ్లయిన దగ్గర్నుంచి అత్తగారింట్లోనే కాపురం. ఆవిడ వెనక గదిలో గడియ పెట్టుకుని సబ్బులు తయారుచేసేది. లోపల్నుంచి గీకుతున్న చప్పుడూ, కమ్మటి వాసనా తప్ప మరేమీ బయటికొచ్చేవి కావు. ముడిసరుకు మూటలు ఆవిడ తమ్ముడు ఆటోలో తెచ్చి పడేసేవాడు. సబ్బుల కోసం మాత్రం వీధి వీధంతా ఎగబడేది.

"అత్తయ్యా, ఎన్నాళ్లిలా ఈ వీధికే అమ్ముతారు? ఆన్‌లైన్‌లో పెడదాం" అన్నాడు ఓ ఉదయం.

"అవన్నీ నాకేం తెలుసు బాబూ?"

"నేను లేనూ? ముందు మంచి పేరొకటి కావాలి."

కిటుకంతా పేరులోనే ఉంది. పేరు ఎవరిదో వ్యాపారం వాళ్లది. కానీ వెంటనే తన పేరు అంటే బాగోదని 'అత్తమ్మ సబ్బులు'తో మొదలెట్టాడు.

ఆవిడ ఉలిక్కిపడింది. "ఛీ! నా పేరుతో ఊళ్లోవాళ్లంతా ఒళ్లు రుద్దుకోవడమా?"

'సుగంధ' అన్నాడు. అది ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారు. 'తళతళ' అంటే, "గిన్నెలు తోముకునే సబ్బనుకుంటారు" అని భార్య కొట్టిపారేసింది. 'మృదుస్పర్శ' పలకాలంటే నోట్లో పళ్లన్నీ ఉండాలంది అత్తగారు.

చివరికి ఆవిడే తేల్చేసింది. "మీ పేరే పెట్టేయండి బాబూ. 'బుజ్జిబాబు సబ్బులు' అంటే ఎంత ముద్దుగా ఉంది! కవరు మీద మీ ఫొటో కూడా వేయించండి. నా పేరు మాత్రం ఎక్కడా రానివ్వకండి. నాకు సిగ్గు."

రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది అల్లుడికి.

గదిలోకి రాగానే భార్య నిలదీసింది. "మా అమ్మ వట్టి అమాయకురాలండీ. కాగితాల్లో ఆవిడ పేరు లేకపోతే రేపు అన్యాయమైపోదూ?"

"మీ అమ్మే వద్దంటోంది కదే! అయినా నా పేరుంటేనేం, ఆవిడ పేరుంటేనేం? ఇల్లు ఒకటే కదా!"

లైసెన్సు, వెబ్‌సైటు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు అన్నీ అతని పేరు మీదికే వచ్చాయి. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దిగిన ఫొటో కవర్లకెక్కింది. ఆర్డర్లు వెల్లువెత్తాయి. ఉద్యోగానికి నీళ్లొదిలేశాడు. వీధిలో ఎవరైనా "బుజ్జిబాబుగారూ!" అని పిలిస్తే, వినబడనట్టు నటించి రెండోసారి కూడా పిలిపించుకునేవాడు. అత్తగారితో మాత్రం, "ఇంకా లాభాల్లోకి రాలేదత్తయ్యా" అనేవాడు.

ఓ మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పక్కన టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ చేతిలోని సబ్బు కవరునీ, ఇతని మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

"బుజ్జిబాబంటే మీరేనా?"

"నేనే సార్!" అన్నాడు, ఆటోగ్రాఫ్ అడుగుతారేమోనని జేబులో పెన్ను తడుముకుంటూ.

"ఈయనగారి కంపెనీ గోడౌన్లోంచి సబ్బులు పెట్టెలకు పెట్టెలు మాయమవుతున్నాయి. వాటి మీద ముద్ర గీకేసి, కొత్త కవరు తొడిగి అమ్ముతున్నది తమరే. పదండి."

అల్లుడు పెన్ను వదిలేసి చేతులు జోడించాడు. "అయ్యో, పేరొక్కటే నాది సార్! సబ్బులు మా అత్తయ్యవి! ఆవిడే గీకేది... అంటే, చేసేది!"

"నాకేం తెలుసు బాబూ, వీళ్లకింత వండిపెట్టడం తప్ప" అంది అత్తగారు బిక్కమొహంతో.

ఇన్‌స్పెక్టర్ కాగితాలన్నీ తిరగేశాడు. ఎక్కడా ఆవిడ పేరు లేదు. "పెద్దావిడ మీదికి నెట్టడానికి సిగ్గు లేదూ?" అని కసిరి, అల్లుణ్ణి వ్యాను ఎక్కించాడు.

భార్య "ఏవండీ!" అంటూ వీధి చివరిదాకా పరిగెత్తింది. చూసినవాళ్ల గుండె కరిగేలా ఏడ్చింది.

వ్యాను మలుపు తిరిగాక ఇంట్లోకొచ్చి, తలుపేసి, మొహం తుడుచుకుని, నవ్వుతూ తల్లితో అంది: "ఏరికోరి ఆ పేరుపిచ్చోణ్ణి ఎందుకు చేసుకున్నానని అప్పుడెంత గోల పెట్టావే అమ్మా!"