ఒక ఆదివారం కానుక

"ఒక్క ఆదివారం కానుక చాలు అయ్యగారూ. ఏడాదికి ఒక్కటి," అన్నాడు ఏసుకుమార్.

నందికొట్కూరు చర్చి హాల్లో ఇరవైమంది పాస్టర్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని వింటున్నారు. నెలకోసారి జరిగే సహవాస కూడిక అది. మూడేళ్ల కిందట నలుగురితో మొదలైన హక్కుల సంఘం ఇప్పుడు పదకొండు మండలాల్లో పనిచేస్తోంది. దాని కార్యదర్శి ఏసుకుమార్ చేయి చాచడానికి ఎన్నడూ సిగ్గుపడలేదు. అడిగేది తనకోసం కాదు కదా.

"ఈ దుడ్లతో ఏం చేస్తారప్పా?" అడిగాడు అధ్యక్షుడు హెన్రీ పాస్టరు.

"ముందు సిద్దమ్మ కేసుకు కర్నూల్లో గట్టి వకీలును పెడతాం. సోమవారమే విచారణ. చూసినోళ్లు లేరని కేసు కొట్టేసేలా ఉండారు. మంచి వకీలైతే గడువన్నా అడుగుతాడు."

సిద్దమ్మ సంగతి అక్కడ తెలియనివాళ్లు లేరు. ఆమె శవపెట్టెను సమాధుల తోటకు మోసుకుపోతుంటే, తమ పొలం గట్టు మీద దారి లేదని ఊరి భూస్వామి భూపేష్ మనుషులు అడ్డం పడ్డారు. పెట్టె రెండు గంటలు ఎండలో నేలమీదే ఉండిపోయింది. ఇదేం న్యాయమన్న ఆమె కొడుకు చేయి విరగ్గొట్టారు. ఊళ్లో సగంమంది భూపేష్ చేలల్లో కూలికి పోయేవాళ్లే. ఎవరూ నోరు విప్పలేదు. అంత్యక్రియలు జరిపించిన బాలస్వామి పాస్టరైతే, 'ప్రార్థనలో కళ్లు మూసుకుని ఉన్నాను, ఏమీ చూడలేదు' అని పోలీసులకు చెప్పేశాడు. ఆయన చర్చి ఉన్నది భూపేష్ తండ్రి ఇచ్చిన స్థలంలోనే.

ఆ బాలస్వామి ఇప్పుడు చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చుని ఉన్నాడు.

కానుకల సంచి కదిలింది. ఒక్కొక్కరే తమ చర్చి పేరు, ఏ ఆదివారం కానుక ఇస్తారో చీటీమీద రాసి అందులో వేస్తున్నారు.

"మాది కోతపండగ ఆదివారం రాసుకోప్పా. ఆ పొద్దు సంచి శానా బరువుంటాది," అన్నాడొకాయన. అందరూ నవ్వారు. వకీలు దొరికినట్టేననుకున్నాడు ఏసుకుమార్.

సంచి బాలస్వామి దగ్గరకొచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని కాసేపు చూసి, ఏమీ వేయకుండానే పక్కాయనకు అందించాడు.

"ఏం బాలస్వామన్నా, ఇప్పుడు గూడా కండ్లు మూసుకున్యావా?" ముందు వరుసలోంచి ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది.

ఏసుకుమార్ నవ్వలేదు. మజ్జిగ గ్లాసొకటి తీసుకెళ్లి పెద్దాయన చేతికిచ్చి, "పర్వాలేదయ్యగారూ, మీ ఇబ్బంది నాకు తెలుసు," అన్నాడు మెల్లగా.

బాలస్వామి మజ్జిగ తాగాడు. కండువాతో మూతి తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"మా చర్చి అంతా కలిపి పదకొండిండ్లు. దుడ్లు ఇయ్యలేను. సాక్ష్యం చెప్తా."

కుర్చీలు కిర్రుమన్నాయి. దేవుడు తనకు చేసిన మేలును నలుగురిలో నిలబడి సాక్ష్యంగా చెప్పుకోవడం ప్రతి కూడికలోనూ ఉన్నదే. బాలస్వామిది మాత్రం అందరూ వినీ వినీ అలసిపోయారు. మిరప చేలో పాము కరవడం, మూడు రోజులు తెలివి తప్పి పడి ఉండడం, నాలుగోనాడు లేచి సంగటి అడగడం.

"అన్నా, ఆ పాము సంగతి మాకు నోటికొచ్చు. ఆడ అన్నాలు చల్లారిపోతాండాయి," అన్నాడు హెన్రీ.

"పాముది కాదప్పా. ఇది కొత్తది."

"అట్లయితే ఐదు నిమిషాల్లో ముగించు."

"ఐదు నిమిషాల్లో అయ్యేది కాదు. పొద్దంతా పట్టొచ్చు."

"దేవా! అంత పెద్దదైతే మీ గుడిలోనే చెప్పుకో సామీ."

"మా గుడిలో కుదరదు."

"మరి యాడ చెప్తావు? ఏ ఆదివారం?"

బాలస్వామి ఖాళీ గ్లాసును ఏసుకుమార్ చేతికిచ్చి, అతని ముఖంలోకి సూటిగా చూశాడు.

"సోమవారం, కోర్టులో."