రాయని ఉబ్బసం

“ఉబ్బసం సంగతి రాయించు బాబూ! దాచకు!”

వెల్డింగ్ షాపు గుమ్మంలో నిలబడి ఓ ముసలాయన అరిచాడు.

లోపల వెల్డర్ తన భార్యకు ఆరోగ్య బీమా తీసుకుంటున్నాడు. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. అది రాస్తే ప్రీమియం పెరుగుతుందని, అసలు పాలసీయే రాకపోవచ్చని ఏజెంటు అప్పుడే చెప్పాడు. వెల్డర్ సరే, రాయొద్దని తలూపాడు.

“ఎవరండీ ఈయన?” వెల్డర్ చిరాకుపడ్డాడు.

ఏజెంటు మొహం మాడిపోయింది.

“మతి చలించినాయన. నేనెక్కడికెళ్తే అక్కడికి దాపురిస్తాడు. మీరు సంతకం పెట్టండన్నా.”

ముసలాయన ఆగలేదు.

“పాత జబ్బులకు డబ్బు రావాలంటే ఎన్నాళ్ళు ఆగాలో అడుగు. గది అద్దె ఎంతవరకు ఇస్తారో అడుగు. నువ్వెళ్ళే ఆస్పత్రి కంపెనీ లిస్టులో ఉందో లేదో అడుగు!”

“నా పెళ్ళాం సంగతి నీకెందుకయ్యా?”

వెల్డర్‌కు ఒళ్ళు మండింది. రెక్క పట్టుకుని బయటికి గెంటాడు. ముసలాయన రోడ్డు మీద బోర్లా పడ్డాడు.

ఏజెంటు తల కూడా తిప్పలేదు.

“పీడ విరగడైంది,” అంటూ వెల్డర్ వచ్చి సంతకం పెట్టాడు.

ఏడాది తిరక్కుండానే అతని భార్యకు ఊపిరాడలేదు. ఐసీయూలో పెట్టారు.

బీమా కంపెనీ క్లెయిమ్ తిరగ్గొట్టింది. పాత జబ్బు దాచారట, పైసా రాదట.

ఏజెంటు ఫోనెత్తలేదు. నవ్వుతూ గొంతు కోసే రకం ఎందుకెత్తుతాడు?

డబ్బు కట్టకపోతే ఆమెను తీసుకెళ్ళిపొమ్మన్నారు ఆస్పత్రివాళ్ళు. వెల్డర్ అడ్రసు పట్టుకుని ఏజెంటు ఇంటికెళ్ళి తలుపు దబదబా బాదాడు.

తలుపు తీసింది ఆ ముసలాయనే.

వెల్డర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“నువ్వా! ఆ రోజు నీ మాట వినుంటే...” మరుక్షణమే కోపం తన్నుకొచ్చింది. “వాడెక్కడ? వాణ్ణి చంపేస్తా!”

“ఇంట్లో లేడు బాబూ. నీలాంటివాళ్ళు వస్తారనే పారిపోయాడు.”

“నీకూ పాలసీ అంటగట్టాడా?”

“మా ఆవిడకు. గుండెజబ్బు దాచి రాశాడు. డబ్బూ రాలేదు, మనిషీ దక్కలేదు.”

“అంత చేసినోడి ఇంట్లో ఇంకా ఏం చేస్తున్నావయ్యా? సిగ్గు లేదూ?”

“ఉంది. అందుకే వాడెళ్ళిన గుమ్మమల్లా ఎక్కి అరిచాను,” అన్నాడు ముసలాయన. “వాడు ఆవిడా నేనూ కన్న కొడుకు.”