ముప్పై ఆరు మందికి ఒకటే వంట

చేతికున్న ఆరోగ్య పట్టీ ఒప్పుకున్నదే ఇంటి పొయ్యి వండే రోజులు వచ్చాక, సిద్దిపేటలోని ఆ కాలనీలో ఏ ఇద్దరూ ఒకే కూర తినడం లేదు. అందుకే వేసవి సెలవుల వనభోజనానికి కమిటీ తరఫున మౌనిక ముప్పై ఆరు డబ్బాలు రాసుకుంది.

"ఎవరి డబ్బా వాళ్లు తినుడుకు మామిడితోట దాక పోవుడెందుకే?" అంది కనకలక్ష్మి. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు వండిన చెయ్యి ఆమెది. "అందరికీ ఒకటే వంట. నేను వండుత."

"ఒక్కరి పట్టీ ఎర్రబడ్డా మళ్లా బయట వంటకు పర్మిషన్ ఇయ్యరు పెద్దమ్మా!"

"ఎర్రబడదు. ఎవరికేం పడదో ఆ జాబితా నాకియ్యి."

మూడు రోజులు ఆమె ఆ జాబితా ముందేసుకుని కూర్చుంది. జొన్నలు, వంకాయలు అందరికీ పడతాయని తేలింది. చింతపండు పడనివాళ్లున్నారు కనుక పచ్చిపులుసుకు మామిడికాయ ఎంచుకుంది. ఉప్పు విడిగా పెట్టాలనుకుంది.

తోటలో కట్టెల పొయ్యి మీద జొన్న గటక ఉడికింది. నిప్పుల్లో వంకాయలు కాలాయి. అందరూ ఒకే వరుసలో కూర్చుని తొలి ముద్ద తిన్నారు. మౌనిక వరుసంతా తిరిగి పట్టీలు చూసింది. ఒక్కటీ ఎర్రబడలేదు.

"చెప్పిన కదా," అంటూ కనకలక్ష్మి మారు వడ్డించడానికి గరిటె అందుకుంది.

వరుస చివర రాజమల్లు తన విస్తరినీ, పక్కనున్న భార్య విస్తరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. తనకు గుండెజబ్బు వచ్చిన ఈ ఆరేళ్లలో ఆమె తినేది అతను ఒక్కనాడూ తినలేదు.

"భారతీ, నీదీ నాదీ ఒకటేనే!" అన్నాడు.

ఆమె తన విస్తరిలోంచి ముద్ద కలిపి అతని నోట్లో పెట్టింది.