అత్తయ్య చేతి రుచి

"నా వల్ల కాదు మామయ్యా," అంటూ కోడలు డబ్బా మూత మళ్ళీ పెట్టబోయింది.

"పాడైపోతుందమ్మా. కలిపి ఉండలు చుట్టేద్దాం."

వారం నానాల్సిన మెంతిపిండి నెయ్యిలో నెల నానింది. నానబెట్టిన రెండో రోజే అత్తగారు కన్నుమూసింది. పిండి మీద నాలుగు వేళ్ళతో అదిమిన గుంటలు ఇంకా అలాగే ఉన్నాయి.

"అత్తయ్య వేళ్ళివి. ఎలా చెరిపెయ్యను?"

మామగారు తన వేళ్ళు ఆ గుంటల్లో పెట్టాడు. అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

"ఎనిమిదేళ్ళుగా మీ అత్తయ్యకి వేళ్ళు వంగేవి కావమ్మా. వంటింటి తలుపేసుకుని తను చెప్పేది, నేను చేసేవాణ్ణి. చేతి రుచంటే అత్తయ్యదేనని మీరంతా అంటుంటే ఎంత మురిసిపోయేదో! బయట నోరు జారారో చూడండి, అని బెదిరించేది కూడా."

పిండి కలిపి, బెల్లం తురుము రెండు గుప్పిళ్ళు వేసి ఆగిపోయాడు.

"చాలో చాలదో... చెప్పే మనిషి లేదు."

కోడలు అత్తగారి పీట మీద కూలబడింది. మూసిన తలుపు వెనక నుంచి, ఎవరితో అంటోందో పట్టించుకోకుండా ఏటా విన్న మాటలే, ఆ గొంతుతోనే, తనకి తెలియకుండా నోట్లోంచి వచ్చేశాయి.

"ఇంకో గుప్పెడు వెయ్యండి. బెల్లం దగ్గర పిసినారితనమేమిటి?"

ఆయన వెనక్కి తిరగలేదు.

"వేస్తున్నాలేవే," అన్నాడు.