సగం ధర లెన్సు

"బిల్లు చూపించందే నేను లెన్సు ముట్టుకోనమ్మా. ముందే చెప్తున్నా," అన్నాడు లిఫ్ట్ మెకానిక్, గుమ్మంలోనే నిలబడి.

తలుపు తీసిన నర్సమ్మ నొచ్చుకోలేదు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, తెల్ల బట్టలైనా మార్చుకోలేదు. అల్మరా తెరిచి, ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసి అతని చేతిలో పెట్టింది.

"చూసుకో బాబూ. కొన్నది నేనే. పేరూ ఫోన్ నంబరూ నావే."

చూసుకున్నాడు. బిల్లు మీది నంబరూ, లెన్సు అంచున ఉన్న నంబరూ ఒకటే. అక్కడితో అతని మనసు కుదుటపడాలి. పడలేదు. అడిగిందే తడవుగా బిల్లు బయటికొచ్చిందంటే, ముందే సిద్ధంగా పెట్టుకుందన్నమాట. ఎందుకు పెట్టుకున్నట్టు?

మెకానిక్‌కి మెట్ల ఫొటోలంటే పిచ్చి. లిఫ్టు బాగుచేయడానికి ఏ పాత మేడకి వెళ్ళినా, పని అయ్యాక కింద నిలబడి, పైకి మెలికలు తిరుగుతూ పోయే మెట్లని ఫొటో తీస్తాడు. ఉన్న లెన్సులో ఒక అంతస్తు పడితే గొప్ప. మొత్తం పట్టాలంటే వైడ్ లెన్సు కావాలి. కంపెనీది కొత్తది కొందామంటే నెల జీతం చాలదు. చవకరకం కొందామంటే ఫొటో మధ్యలో బాగుండి మూలలు అలుక్కుపోతాయి. అలాంటిది, కంపెనీ లెన్సే, గీత కూడా పడనిది, సగం ధరకని ప్రకటన కనబడింది. నక్క తోక తొక్కానని అతను మురిసిపోతుంటే, "ఊరికే రారు మహానుభావులు. ఎందుకంత చవకో అడిగి మరీ కొనండి," అంది భార్య.

అడిగాడు. "సగానికే ఎందుకిచ్చేస్తున్నారమ్మా?"

"వాడకం లేదు బాబూ. పెట్టెలో దాచుకుని ఏం చేసుకోను?"

"ఎక్కడైనా దెబ్బ తిందా?"

"నువ్వే చూడు."

జేబులోంచి చిన్న టార్చి తీసి, లిఫ్టు మోటారు పరీక్షించినంత శ్రద్ధగా చూశాడు. అద్దాల మధ్య బూజు లేదు. రింగు వెన్నలా తిరుగుతోంది. ఎక్కడా వంక దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది. వంక లేని సరుకుని సగం ధరకి ఎవరిస్తారు?

"దొంగసరుకు అమ్మినవాడిదే కాదు, కొన్నవాడిదీ తప్పే అంటారు," అని ఒక రాయి విసిరి, ఆమె భుజాలు తడుముకుంటుందేమోనని చూశాడు.

"అక్షరాలా నిజం," అంది నర్సమ్మ. "నీ కెమెరాకి తగిలించి చూడు. అందుకేగా తెమ్మన్నది."

అదొకటి. ఫోన్లో ఇంకాస్త తగ్గించమంటే మారుమాట లేకుండా సరేనంది గానీ, కెమెరా ఏ మోడలో మాత్రం రెండుసార్లు అడిగింది. అది లేకుండా రావద్దంది కూడా. మెకానిక్ కెమెరా పట్టీని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, లెన్సు బిగించి, కంటికి ఆనించుకున్నాడు.

గది గదంతా వచ్చేసింది! ఈ చివర ఇస్త్రీ బట్టల దొంతర, ఆ చివర కిటికీ, కిటికీ అవతల ఎదురింటి నీళ్ళ ట్యాంకు, పైన మూడు రెక్కలతో సహా ఫ్యాను. ఫొటోని పెద్దది చేసి మూలలు వెతికాడు. గోడ గడియారం మీది చీమల్లాంటి అక్షరాలు కూడా చదవొచ్చు. అతని కళ్ళ ముందు మెట్లు తిరిగాయి, అంతస్తు మీద అంతస్తు.

తలెత్తేసరికి నర్సమ్మ చూస్తున్నది లెన్సుని కాదు. కెమెరాని. నాడి పట్టుకున్న మనిషిలా, కదలకుండా.

"కొత్తదేనా?" అంది.

"కొత్తది కొనే తాహతే ఉంటే, లిఫ్టు పాడైన మేడలో మూడంతస్తులు ఎక్కి మీ దగ్గరకెందుకొస్తానమ్మా? చేతులు మారిందే."

"ఒక్కసారి ఇలా ఇయ్యి."

ఇవ్వలేదు. రెండు చేతులా గట్టిగా పట్టుకుని, తలుపు గడియ పెట్టి ఉందేమోనని ఓరగా చూశాడు. లేదు. అంతలో ఫోన్ మోగింది. భార్య.

"ఎందుకు చవకో చెప్పిందా?"

"చెప్పింది."

"నమ్మారా?"

"లేదు."

"మరింకేం? వచ్చేయండి."

వచ్చేద్దామనే అనుకున్నాడు. కానీ చేతిలో ఉన్న ఫొటోలో గది నాలుగు మూలలూ గీసినట్టు నిలబడి ఉన్నాయి. ఫోన్ జేబులో పెట్టి, అదే జేబులోంచి డబ్బు తీశాడు.

"ఇదిగోండమ్మా."

నర్సమ్మ చెయ్యి చాపలేదు. నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్ను తీసింది. "ఉండు, రసీదు రాసిస్తాను. నీలాంటి జాగ్రత్తపరుడికి కాగితం లేకపోతే నిద్ర పట్టదు. నీ కెమెరా అడుగున నంబరుంటుంది, అది చదువు. దీనికి తగిలించి, బాగుందని చూసుకున్నట్టు రాద్దాం. రేపు నువ్వూ నేనూ మాట పడక్కర్లేదు."

గుమ్మంలో కాలు పెట్టిన దగ్గర్నుంచీ మొదటిసారి మెకానిక్ గుండె తేలికపడింది. అడక్కుండానే రసీదు రాసిచ్చే మనిషిని దొంగనుకున్నందుకు సిగ్గేసింది కూడా. చుట్లు విప్పి, కెమెరా బోర్లా తిప్పాడు.

"నాలుగు... సున్నా... ఏడు... ఏడు..." మరీ చిన్న అంకెలు. వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగాడు.

"ఒకటి, తొమ్మిది, రెండు, ఐదు," అంటూ మిగతా నాలుగంకెలూ చూడకుండానే, ఒక్కటీ తప్పకుండా చెప్పి, పెన్ను మూత పెట్టేసింది నర్సమ్మ. "మూడు నెలల క్రితం బస్సులో పోయిన నా కెమెరా బాబూ అది. లెన్సు అమ్ముతానంటే ఏదో ఒకరోజు వెతుక్కుంటూ వస్తుందని తెలుసు."