పేరు కొట్టిన గొట్టం

ఊరు దాటే గేటు దగ్గర నూకరత్నం పాత కారును తనిఖీ యంత్రం ఆపి, బానెట్ గుండా లోపలికి వెలుగు వేసి చూసింది.

“ఇంజన్ నీళ్ల గొట్టం కంపెనీది కాదు. తయారుచేసినవారి పేరు లేని భాగం ఉంటే కారు తుక్కుకే,” అంది.

“కంపెనీ ప్లాస్టిక్ గొట్టం పగిలిపోయింది. కొత్తది అడిగితే పాత కార్లకి చెయ్యడం మానేశామన్నారు. మా అత్తగారి బిందె కరిగించి, కంచరి చేత ఇత్తడిది పోత పోయించాను. మా ఇంట్లో పేరు కొట్టించని ఇత్తడి సామాను ఉండదు. కిందవైపు చూడు!” అంది నూకరత్నం.

వెలుగు గొట్టం కిందికి పాకింది. చెంబుల మీద ఉన్నట్టే చుక్కల అక్షరాల్లో ‘పెంకే నూకరత్నం’ అని ఉంది.

“ఈ పేరుతో ఏ కంపెనీ లేదు.”

నూకరత్నం కారు స్టార్ట్ చేసింది.

“ఇవాళ్టి నుంచి ఉంది. రాసుకుని గేటు తియ్యి!”